బాపు నవల వింటలేడు, మతి తప్పుతున్నదా?

ఉప్పల్‌లో ఉద్యోగం చేసుకుంటూ, హనుమకొండలో ఉన్న తల్లిదండ్రుల దగ్గరికి పదిహేను రోజులకోసారి వెళ్లివచ్చే ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పెద్దది కాబట్టి కుదించి ఇస్తున్నాం.

“మా బాపుకు 72 ఏళ్లు. ఫిజికల్ సైన్స్ సారుగా పరకాల చుట్టుపక్కల హైస్కూళ్లలో పనిచేసి రిటైరయ్యాడు. గ్లకోమాతో ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటికి వెలుతురు, మనిషి ఆకారం తప్ప ఏమీ ఆనవు. పుస్తకం లేకుంటే పొద్దుపోని మనిషి రెండేళ్లుగా ఊరికే కూర్చుంటున్నాడు. డిగ్రీ రోజుల్లో హెచ్.జి. వెల్స్ రాసిన ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ చదివానని, క్లాసులో అంగారక గ్రహం మాట వస్తే ఆ కథ చెప్పేవాడినని మా చిన్నప్పుడు అంటుండేవాడు. అది గుర్తుపెట్టుకుని దాని ఆడియో పుస్తకం ఉచితంగా దొరికితే దించాను. 27 ఫైళ్లు. పేర్లు పొడుగ్గా, గజిబిజిగా ఉంటే నేనే 1 నుంచి 27 దాకా నంబర్లు పెట్టాను. మా అన్న వాటిని మెమరీ కార్డులో వేసి బాపు కీప్యాడ్ ఫోన్‌లో పెట్టాడు, ఇయర్‌ఫోన్లు కొనిచ్చాడు.

మొదటి రోజు ‘మంచిగున్నది’ అన్నాడు. తర్వాత ‘తలా తోకా లేదు’ అన్నాడు. మధ్యాహ్నం పెట్టుకుంటే ఇరవై నిమిషాల్లో గురక. ‘ఆ దొర గొణుగుతున్నడు’ అని విసుక్కుంటాడు. టీవీ సౌండ్ మాత్రం పక్కింటికి వినిపించేటట్టు పెడతాడు. ఒకరోజు మా అన్న కొడుకును పిలిచి, ‘వీడు పెండ్లాంతోని ఇంటికాడ ఉండె గదరా, లండన్ల ఎప్పుడు తేలిండు? పరీక్షలకు చదువుడేంది?’ అని అడిగాడట. పిల్లాడు నవ్వుకుంటూ నాకు చెప్పాడు. నాకు మాత్రం భయం పట్టుకుంది, మతిమరుపు మొదలైందేమోనని. అన్న ‘ఈ వయసుల ఇంగ్లీషు కథలెందుకే, భజనలు వేసిన, అవ్వి వింటడు తియ్’ అంటాడు. అమ్మ బాధ వేరు. ‘ఉండేది ఇద్దరం. కండ్లు పోయినయ్, చెవులు గూడ మూసుకుంటే నేనెవలతోని మాట్లాడాలె’ అంటుంది. రోజూ రాత్రి ఫోన్ చేసి ‘ఎంత దాక విన్నవ్ బాపూ?’ అని అడుగుతాను. ఈమధ్య ‘ఆఁ, వింటున్న’ అని ఫోన్ అమ్మకు ఇచ్చేస్తున్నాడు. ఇది మానేయాలా? డాక్టరుకు చూపించాలా? నేనే తెలుగు చేసి చదివి రికార్డు చేసి ఇస్తే చట్టం ఒప్పుకుంటుందా? నా ఇష్టాన్ని ఆయన మీద రుద్దుతున్నానా?”

అమ్మా, ముందు మీ బాపు అడిగిన ప్రశ్న సంగతి చూద్దాం. మీకు భయం పుట్టించిన ఆ మాటే మాకు చాలా ధైర్యం ఇచ్చింది.

అంగారక గ్రహం నుంచి వచ్చిన జీవులు, అంటే మార్షియన్లు, ఇంగ్లండ్ మీద దాడిచేసే కథ అది. ఆ నవల రెండు భాగాలు. మొదటి భాగంలో 17 అధ్యాయాలు, రెండో భాగంలో 10. కథ చెప్పే మనిషికి పేరుండదు, ‘నేను’ అంటూ చెబుతాడు. లండన్‌కు నైరుతిగా వోకింగ్ అనే ఊళ్లో భార్యతో ఉంటాడు. మొదటి భాగం 14వ అధ్యాయం మొదటి వాక్యంలోనే కథ ఆయన తమ్ముడి మీదికి మారుతుంది. ఆ తమ్ముడు లండన్‌లో వైద్యవిద్యార్థి, దగ్గరపడ్డ పరీక్షకు చదువుకుంటుంటాడు. అక్కడి నుంచి ‘నేను’ పోయి ‘అతడు’ వస్తాడు. ఆ ఒక్క వాక్యం చెవిన పడకపోతే ఇంటి దగ్గర ఉన్నవాడే లండన్‌లో తేలినట్టు, ఉన్నట్టుండి పరీక్షకు కూర్చున్నట్టు అనిపిస్తుంది. అచ్చులో అయితే పైన అధ్యాయం పేరు కనిపిస్తుంది, అనుమానం వస్తే కన్ను రెండు వరుసలు వెనక్కి పోయి చూసుకుంటుంది. చెవికి ఆ వెసులుబాటు లేదు. మంచి చూపున్న పాతికేళ్ల కుర్రాడు విన్నా అక్కడ తడబడతాడు. మీ బాపు పెండ్లాం సంగతి గుర్తుపెట్టుకున్నాడు, పరీక్ష సంగతి గుర్తుపెట్టుకున్నాడు, రెండూ ఒకడికే పొసగవని పట్టుకున్నాడు. కథ వింటూ లెక్క సరిచూసుకునే మనిషి అడిగే ప్రశ్న అది.

మరి ‘తలా తోకా లేదు’ అన్నమాట? దాని జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ఫైళ్ల పేర్లు 1 నుంచి 27 దాకా మార్చానని రాశారు. చాలా కీప్యాడ్ ఫోన్లు, కార్డు పెట్టుకునే చిన్న ప్లేయర్లు పేర్లను అక్షరాల వరుసలో పేరుస్తాయి, అంకెల విలువ చూడవు. వాటి లెక్కలో 1 తర్వాత 10 వస్తుంది, ఆ తర్వాత 11, 12 అట్లా 19 దాకా పోయి అప్పుడు 2 వస్తుంది. మొదటి అధ్యాయంలో ఆ మనిషి సైకిలు నేర్చుకుంటుంటాడు, రాత్రి భార్యతో నడుస్తూ చుక్కల మధ్య అంగారకుణ్ని చూపిస్తాడు, దూరంగా రైలు సిగ్నల్ దీపాలు వెలుగుతుంటాయి, అంతా ప్రశాంతం. మీ బాపు దాన్ని ‘మంచిగున్నది’ అన్నాడు. వెంటనే 10వ అధ్యాయం మోగితే మొగుడూపెళ్లాం ఇల్లు వదిలి పారిపోతుంటారు. అప్పటికి ఆకాశం నుంచి పడ్డ సిలిండరు, దాని మూత తిరగడం, మంటల కిరణం, ఇవన్నీ జరిగిపోయి ఉంటాయి. ఆయనకు మాత్రం ఒక్కటీ వినపడలేదు. ఆ వరుసలో 14వ అధ్యాయం ఆరో ఫైలుగా వస్తుంది. అంటే వింటలేడని మీరు దిగులుపడుతున్న మనిషి, కథ మధ్యలోంచి తెగిపోయినా ఓపిగ్గా ఆరు ఫైళ్ల దాకా వచ్చాడన్నమాట.

ఇది మా అంచనా. తేల్చుకోవడం తేలిక. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఆ ఫోన్‌లో మొదటి ఫైలు పెట్టి, తరువాతి దానికి జరపండి. ఉచితంగా దొరికే రికార్డింగులలో ప్రతి ఫైలు మొదట్లో పుస్తకం పేరు, అధ్యాయం సంఖ్య చెబుతారు. రెండోదానిలో పదో అధ్యాయం అని వినిపిస్తే జబ్బు ఎక్కడుందో తెలిసినట్టే. ఫైళ్లను కలగాపులగంగా పాడించే షఫుల్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. అన్న వేసిన భజనలు అదే ఫోల్డర్‌లో ఉంటే మార్షియన్ల మధ్యలో భజన మోగుతుంది.

సరిచేసే పద్ధతి ఇది. కంప్యూటర్‌లో పేర్లను 01, 02, 03 అని రెండంకెలతో 27 దాకా మార్చండి. కార్డులో పాతవన్నీ తీసేయండి. కొత్త ఫోల్డర్ తెరిచి ఒక్కొక్క ఫైలునూ వరుసగా, 01 నుంచి కాపీ చేయండి. ఒక్కసారే అన్నీ లాగి పడేయొద్దు. కొన్ని ఫోన్లు పేరు చూడకుండా కాపీ అయిన వరుసనే పాడతాయి, ఇట్లా చేస్తే రెండు రకాల ఫోన్లకూ సరిపోతుంది. భజనలకు వేరే ఫోల్డర్. తర్వాత మీటలు. చాలా కీప్యాడ్ ఫోన్లలో నడిమి మీటకు పైనా కిందా శబ్దం, కుడీ ఎడమా ముందు వెనక ఫైళ్లు. శబ్దం పెంచబోయి కుడివైపు వేలు తగిలితే అధ్యాయం ఎగిరిపోతుంది, చూపులేని మనిషికి ఎగిరిపోయిందని కూడా తెలియదు. శబ్దం పెంచే మీట మీద చిన్న బొట్టుబిళ్ల అంటించండి. మెత్తటి బొట్టుబిళ్ల వారంలో ఊడిపోతుంది, గట్టి రాయి ఉన్నది తీసుకోండి. అంకెల్లో 5 మీద కంపెనీవాళ్లు పెట్టిన చుక్క ఎలాగూ ఉంటుంది, దాన్ని గుర్తుగా పెట్టుకుని మిగతావి వేళ్లతో వెతుక్కోవడం ఆయనకు ఒక పూటలో వస్తుంది.

‘దొర గొణుగుతున్నడు’ అనడం వేరే సంగతి. టీవీ శబ్దం పెంచుతాడని కూడా రాశారు. వయసుతో వచ్చే వినికిడి లోపం ముందు సన్నటి, పదునైన శబ్దాలను తినేస్తుంది. అచ్చులు వినపడతాయి, స, ష, ఫ, త లాంటి హల్లులు మసకబారతాయి. మనిషికి శబ్దం వినపడుతుంది, మాట తెలియదు. తెలుగులో అయితే సందర్భం చూసి మనసు ఖాళీలు పూరించుకుంటుంది. ఇంగ్లండ్ యాసలో, 1898లో అచ్చయిన నవల వాక్యాల్లో, ఆ పూరించుకోవడానికి సమయం చాలదు. అందుకని శబ్దం పెంచడం దీనికి మందు కాదు. పెంచితే అచ్చులే ఇంకా మోగి హల్లులను కప్పేస్తాయి, ఉన్న వినికిడికీ దెబ్బ. ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గర చెవుల్లో గులిమి ఉందేమో చూపించి, ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించండి. వరంగల్ ప్రభుత్వాసుపత్రి ఎంజీఎంలో అయినా సరే, బయట అయినా సరే. అరగంట పని. డాక్టరుకు చూపించాలా అని మీరు అడిగినదానికి మా జవాబు ఇదే, మొదట చెవి డాక్టరుకు. సరిగా వినపడని మనిషి అడిగినదే మళ్లీ అడుగుతాడు, పొంతనలేని జవాబిస్తాడు, ఇంట్లోవాళ్లు దాన్ని మతిమరుపు అనుకుంటారు. ఇది చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. ఒకే పూటలో అదే సంగతి మూడుసార్లు చెప్పడం, కంటి చుక్కలు వేసుకున్నదీ లేనిదీ తెలియకపోవడం, దగ్గరివాళ్ల పేర్లు తప్పిపోవడం, పింఛను డబ్బుల లెక్క తారుమారు కావడం, ఇట్లాంటివి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఫిజీషియన్‌కు గానీ న్యూరాలజిస్టుకు గానీ చూపించండి. మీరు రాసిన నాలుగు పేజీల్లో వాటిలో ఒక్కటీ లేదు.

చదివే గొంతును, వేగాన్ని మార్చి చూడొచ్చు. ఈ నవలకు కాపీరైట్ తీరిపోయింది కాబట్టి లిబ్రివాక్స్ వెబ్‌సైట్ లాంటి చోట్ల ఒకటికి రెండు రికార్డింగులు ఉన్నాయి. అక్కడ చదివేవాళ్లు స్వచ్ఛందంగా చదువుతారు, ఒకరి గొంతు స్పష్టంగా ఉంటుంది, ఇంకొకరిది ఉండదు. పుస్తకమంతా ఒక్కరే చదివినది తీసుకోండి. అధ్యాయానికొకరు చదివినదాంట్లో యాస మారినప్పుడల్లా చెవి మళ్లీ అలవాటు పడాలి. ఇద్దరు ముగ్గురి గొంతుల నుంచి రెండేసి నిమిషాలు ఆయనకు వినిపించి, ‘ఎవరి మాట తెలుస్తున్నది బాపూ?’ అని అడగండి. సన్నటి శబ్దాలు పోయిన చెవికి సాధారణంగా లావు గొంతు సులువు, అయినా ఎంచుకోవలసింది ఆయన చెవి. ఫోన్‌లో ఉండే యంత్రపు గొంతును కూడా ఒకసారి వినిపించండి. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో నవల పాఠం ఉచితంగా ఉంది, దాన్ని స్మార్ట్‌ఫోన్‌లోని భారతీయ ఇంగ్లిష్ గొంతుతో చదివించవచ్చు. అందులో ప్రాణం ఉండదు, సంభాషణ, వర్ణన ఒక్క తీరుగా పోతాయి. కానీ యాస మనది, ప్రతి పదం విడిగా పలుకుతుంది. కొందరు పెద్దవాళ్లు ఇదే నయమంటారు.

వేగం సంగతి. ఇంగ్లిష్ చదివేవాళ్లు నిమిషానికి సుమారు 150 మాటలు చదువుతారు. 15 శాతం తగ్గిస్తే మీ బాపుకు అందుతుంది. అంతకన్నా బాగా తగ్గిస్తే మాట సాగి తాగినవాడి మాటలా అవుతుంది. కీప్యాడ్ ఫోన్‌లో వేగం మార్చే వీలుండదు, కంప్యూటర్‌లోనే మార్చి పెట్టాలి. ఆడాసిటీ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ఎఫెక్ట్స్‌లో ‘ఛేంజ్ టెంపో’ తీసుకుని మైనస్ 15 ఇవ్వండి. పక్కనే ‘ఛేంజ్ స్పీడ్’ అని మొదలయ్యేది ఇంకొకటి ఉంటుంది, దాన్ని తాకొద్దు, అది గొంతును కూడా లావు చేస్తుంది. దాచేటప్పుడు మోనో, 64 కేబీపీఎస్ ఎంపీ3 చాలు, మనిషి మాటకు అంతకన్నా అక్కర్లేదు. ఆ లెక్కన గంటకు 29 ఎంబీ దాకా అవుతుంది. నవల మొత్తం మామూలుగా ఆరున్నర గంటలు, వేగం తగ్గించాక ఏడున్నర గంటలు, అంటే సుమారు 220 ఎంబీ.

స్మార్ట్‌ఫోన్ కొనిస్తే ఇవన్నీ అందులోనే అవుతాయి గదా అంటే, అవుతాయి. స్మార్ట్ ఆడియోబుక్ ప్లేయర్ లాంటి యాప్‌లు వేగం తగ్గిస్తాయి, ఆపిన చోటు గుర్తుపెట్టుకుంటాయి, మళ్లీ మొదలుపెట్టినప్పుడు కొన్ని క్షణాలు వెనక్కి పోయి అందుకుంటాయి, నిద్రపడితే ఆగేటట్టు టైమర్ ఉంటుంది. కానీ నున్నటి అద్దం మీద చూపులేని వేలికి ఏమీ తగలదు. తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ నేర్చుకోవడానికి వారాలు పడుతుంది, అప్పటిదాకా ప్రతిదానికీ మనుమణ్ని పిలవాలి. ఇప్పుడు ఎవరినీ అడగకుండా మీట నొక్కుకుంటున్నాడు, ఆ స్వేచ్ఛ చిన్నదేం కాదు. మేమైతే ముందు కీప్యాడ్‌తోనే సర్దుకుని, ఆయనకు రుచి తగిలాక, ఆయనే అడిగితే స్మార్ట్‌ఫోన్ సంగతి చూద్దామంటాం. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. కీప్యాడ్ ఫోన్‌లో వింటుండగా కాల్ వస్తే కొన్నిసార్లు ఫైలు మళ్లీ మొదటికి పోతుంది. ఈ నవలలో అధ్యాయం సగటున పావుగంటే కాబట్టి రోజుకొక్కటి పూర్తిగా వినడం అలవాటు చేసుకుంటే ఆ బాధ ఉండదు.

నిద్ర గురించి దిగులు వద్దు. మధ్యాహ్నం అన్నం తిని, ఫ్యాను కింద, చెవిలో ఒకే లయలో పోయే గొంతు పెట్టుకుంటే ఎవరికైనా నిద్ర వస్తుంది. ఉదయం చాయ్ తాగాక, కుర్చీలో కూర్చుని విననివ్వండి.

అసలు కథను అందుకోవడానికి మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. ఈ నవల నిండా ఊళ్ల పేర్లు. పటం ఎదురుగా లేనివాడికి వోకింగ్, వేబ్రిడ్జ్, లెదర్‌హెడ్ అన్నీ ఒకటే. ‘బాపూ, లండన్‌ను మన హనుమకొండ అనుకో. వోకింగ్ జనగామ. నడుమల వేబ్రిడ్జ్ వస్తది, అది స్టేషన్ ఘన్‌పూర్. జనగామ కాడ పడ్డ మార్షియన్లు ఇటు నడుచుకుంట వస్తున్నరు’ అని చెప్పండి. దూరాలు కచ్చితంగా కలవవు గానీ దిక్కు కలుస్తుంది. వోకింగ్ లండన్‌కు నైరుతి, జనగామ మనకు నైరుతి, రెండు దిక్కులా రైలు పట్టాలూ ఉన్నాయి. 14, 16, 17 అధ్యాయాలు తమ్ముడివని, మధ్యలో 15 మళ్లీ మార్షియన్లు చుట్టుపక్కల ఊళ్ల మీద పడ్డ కథ అని, రెండో భాగం అంతా కథ చెప్పే అన్నదేనని ముందే చెప్పండి. కథలో ఏం జరుగుతుందో చెప్పొద్దు. అది ఆయనకు తెలుసు, అయినా మరిచిపోయినవి తనంతట తనకు తగిలితేనే సంతోషం.

వరుస సరిచేశాక కూడా ఇది బరువనిపిస్తే, అదే రచయితది 1895లో వచ్చిన ‘ది టైమ్ మెషీన్’ పెట్టి చూడొచ్చు. సుమారు మూడున్నర గంటల్లో అయిపోతుంది. చెవికి ఇంత బాగా అమరిన పాత నవలలు తక్కువ, ఎందుకంటే అందులో చాలా భాగం ఒక మనిషి భోజనాల తర్వాత మిత్రులకు నోటితో చెప్పే కథే. మధ్యలో ఎవరూ అడ్డుపడొద్దని ముందే షరతు పెట్టి మొదలుపెడతాడు. విందుకు వచ్చినవాళ్లలో ఒకరిద్దరికి తప్ప పేర్లుండవు. డాక్టరు, సైకాలజిస్టు, ఎడిటరు అని వృత్తులతోనే పిలుస్తాడు కాబట్టి గుర్తుపెట్టుకోవలసింది తక్కువ. మొదటి అధ్యాయం మాత్రం పొడవు, వెడల్పు, మందంతో పాటు కాలం కూడా ఒక కొలతేనన్న వాదన. మామూలు శ్రోత అక్కడే వదిలేస్తాడు. ఫిజికల్ సైన్స్ సారు అక్కడే పట్టుకుంటాడేమో. ఒక్క జాగ్రత్త. ఈ నవలకు 16 అధ్యాయాల కూర్పు ఒకటి, 12 అధ్యాయాల కూర్పు ఒకటి ఉన్నాయి. కథ ఒకటే, విడగొట్టడంలో తేడా. మీరు చేతిలో పుస్తకం పెట్టుకుని సరిచూస్తే నంబర్లు కలవకపోవచ్చు, ఫైళ్లు పోయాయని కంగారుపడొద్దు.

ఇక తెలుగు. చట్టం అడ్డు రాదు. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. వెల్స్ 1946లో చనిపోయాడు, 2007 జనవరి 1 నుంచి ఆయన రచనలు ఇక్కడ అందరివీ. మీరే తెలుగు చేసి చదివితే ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంకొకరి అనువాదం చదివితే ఆ అనువాదకుడి హక్కు వేరే ఉంటుంది. చూపులేని మనిషి కోసం ఇంట్లో చదివి ఇవ్వడానికి 2012లో సవరించిన మన కాపీరైట్ చట్టం వీలిస్తుంది, దాన్ని ఇంటర్నెట్‌లో మాత్రం పెట్టకండి.

చట్టం కన్నా ఆలోచించవలసింది శ్రమ. కొత్తవాళ్లకు అరగంట రికార్డింగుకు తప్పులు దిద్దడంతో కలిపి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. అనువాదం దానికి అదనం. ఉద్యోగం, ప్రయాణం, ఇల్లు చూసుకుంటూ 27 అధ్యాయాలు మొదలుపెట్టి ఎనిమిదో దాని దగ్గర ఆగిపోతే, కథ మధ్యలో నిలిచిపోయిన బాధ ఆయనది, పూర్తిచేయలేదన్న బరువు మీది. చేయాలనుకుంటే ఒక్క అధ్యాయం చేసి చూడండి. పక్క మీద దుప్పట్లు, తెరిచిన బట్టల బీరువా ఉన్న గది మంచిది, ఖాళీ గది గోడలకు మాట ప్రతిధ్వనిస్తుంది. ఫ్యాను ఆపండి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు పట్టుకోండి, లేకుంటే ప, ఫ, భ వచ్చినప్పుడల్లా గాలి కొట్టి టప్‌మంటుంది. తప్పు చదివితే ఆపకుండా ఒక చప్పట్లు కొట్టి ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి చదవండి. తర్వాత కంప్యూటర్‌లో ఆ చప్పుడు గీత నిట్టనిలువుగా కనిపిస్తుంది, అక్కడ కత్తిరించుకోవచ్చు. ఇంతకన్నా తేలికైన దారి కూడా ఉంది. ఇంగ్లిష్ అధ్యాయం ఆయన విన్నాక, మీరు ఫోన్‌లో ఐదు నిమిషాలు దాని గురించి ఇంటి భాషలో మాట్లాడటం. మాకు ఇదే ఎక్కువ నచ్చింది, అయితే మీరు కూడా అదే అధ్యాయం విని ఉండాలి. ఉప్పల్ నుంచి హనుమకొండ బస్సులో రెండు మూడు అధ్యాయాలు తేలిగ్గా అవుతాయి.

అమ్మ అన్నమాట ఈ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైనది. ఆమె ఆడియో పుస్తకాన్ని వద్దనలేదు, తనను పలకరించే మనిషి కావాలంటున్నది. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఆమె పిలుపు వినపడదు. మోనోగా మార్చిన ఫైలు కాబట్టి ఒక్క చెవిలో పెట్టుకున్నా ఒక్క ముక్క పోదు, రెండో చెవి ఆమెకు. ఇంకో దారి, ఇయర్‌ఫోన్ తీసేసి ఫోన్ స్పీకర్ మీదే వినడం. కానీ స్లాబు, టైల్స్ ఉన్న హాల్లో మాట మోగి చెదిరిపోతుంది, ఆయనకు వినిపించే గొణుగుడు ఇంకా పెరుగుతుంది. మంచం మీద, మూరెడు దూరంలో, వెనక దిండు పెట్టి వింటే కొంత నయం. ఆమెకు ఇంగ్లిష్ రాకపోతే ఆ పావుగంట ఆమెకు రణగొణే కాబట్టి ఆమె పూజలోనో వంటలోనో ఉండే వేళ ఏదో ఆమెనే అడిగి పెట్టుకోండి. విన్న కథ ఆమెకు చెప్పమని బాపును అడగొచ్చు. చెప్పడం సార్లకు అలవాటే గదా. ఆమెకు ఇష్టం లేకుంటే మాత్రం బలవంతపెట్టొద్దు.

అన్నతో వాదం పెట్టుకోకండి. ఆ ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టేది, కార్డు ఊడితే మళ్లీ పెట్టేది ఆయనే. భజనలు ఆయన తప్పు కాదు, బాపు వింటున్నాడు కూడా. వరుస తప్పిన సంగతి చెప్పి, ‘అన్నా, నేను నంబర్లు తప్పు పెట్టిన, ఈసారి సరిగ్గా వేసి ఇస్త, ఒక్కసారి కార్డు పెట్టు’ అంటే సరిపోతుంది.

రుద్దుతున్నానా అని అడిగారు. ఇప్పటివరకు రుద్దలేదు. రాత్రి ఫోన్‌లో ‘ఎంత దాక విన్నవ్?’ అనే ప్రశ్న మాత్రం ఆ దారిలో ఉంది. ఏళ్ల తరబడి పిల్లల హోంవర్కు చూసిన మనిషికి ఆ ప్రశ్న ఏమిటో బాగా తెలుసు. అర్థం కాలేదని కూతురితో చెప్పుకోలేక ఫోన్ అమ్మకు ఇస్తున్నాడు. దాని బదులు తప్పు ఎక్కడ జరిగిందో మీరే చెప్పండి, ‘నువ్వు అడిగింది కరెక్టే బాపూ, ఫోన్ తప్పు వరుసల పాడింది’ అని. ఆయన కొన్ని రోజులుగా తన మతి మీద తానే అనుమానపడుతూ ఉండొచ్చు, ఆ మాట ముందు వినాలి. ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచి వింటావా, వద్దా అని అడగండి. వద్దంటే వద్దే. పాత నవల మీద ప్రేమ ఉండి కూడా దాన్ని మళ్లీ వినాలని అనిపించకపోవచ్చు. అప్పుడు ఏం కావాలో ఆయన నోటితో రానివ్వండి, పేపరా, సైన్సు వ్యాసాలా, తెలుగు కథలా.

ఏది కోరినా సుగమ్య పుస్తకాలయలో వెతకండి. చూపు లోపం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ గ్రంథాలయం అది. సభ్యత్వం ఉచితం, తెలుగు పుస్తకాలు కూడా ఉన్నాయి. చేరడానికి చూపు లోపానికి వైకల్య ధ్రువపత్రం గానీ యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) గానీ అడుగుతారు. రెండేళ్లయినా ఆ కాగితం ఇంకా తీసుకోకపోయి ఉంటే, వచ్చే ప్రయాణంలో కంటి డాక్టరు రిపోర్టులన్నీ ఒక కవరులో పెట్టుకుని ఆ పని మొదలుపెట్టండి. చెవి పరీక్ష కూడా అదే ప్రయాణంలో అయిపోతుంది.